రిజిస్టరులో బంధువులం

జూన్ 3, మంగళవారం

మామయ్యా,

ఈరోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్న ఏడున్నరకే ఎదురైంది, లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద. "అడ్డదారులు అందరూ ఈ నెల ఇరవయ్యో తేదీలోగా ఖాళీ చేయవలెను. లేనియెడల వారి ఫ్లాట్లకు నీరు, కరెంటు నిలిపివేయబడును" అని రాసి, కింద ఏడు ఫ్లాట్ల నంబర్లు వేశారు. అందులో నాలుగోది మన 304.

అడ్డదారులెవరా అని బోర్డు ముందు నిలబడి కాసేపు బుర్ర గోక్కున్నాను. అద్దెదారులట! 'ద్దె' ఉండాల్సిన చోట 'డ్డ' పడి, అద్దెకున్న ఏడు కుటుంబాలూ ఒక్క దెబ్బకి దొంగదారులైపోయాయి. నవ్వాపుకోలేక పెన్సిల్ తీసి దిద్దాను. వాచ్‌మన్ తాత చూడనే చూశాడు.

"అమ్మాయ్, అది కమిటీవాళ్ల కాగితం. నీ కాపీ పుస్తకం కాదు."

"తప్పుంది తాతా."

"తప్పున్నా వాళ్లదే, ఒప్పున్నా వాళ్లదే. నువ్వు కాలేజీకి పో."

అమ్మ మాత్రం నవ్వలేదు. "నీళ్లాపితే డాక్టర్ల కోట్లు ఎక్కడ ఉతకను? కరెంటాపితే దేంతో ఇస్త్రీ చెయ్యను?" అంది. వెనకవీధి క్లినిక్కు నుంచి వారానికి నలభై తెల్లకోట్లు వస్తున్నాయి ఇప్పుడు. ఆ పనే మా ఇద్దరికీ ఆధారమని నీకు తెలుసు. ట్యాంకులో నీళ్లు చాలడం లేదు కాబట్టి ఇకమీదట ఈ భవనంలో సొంతదారులే ఉండాలని కమిటీ తీర్మానించిందట. మనకేం భయం? ఫ్లాటు నీది. "వాళ్లు నాకు అద్దెకుంటున్నవాళ్లు, వాళ్ల జోలికి రావద్దు" అని నువ్వు కమిటీకి రెండు ముక్కలు రాస్తే చాలు. అచ్చు ప్రెస్సు మోతకి పోయిన నీ చెవులకి ఫోనులో ఏమీ వినబడదు కాబట్టి ఈ కబురంతా ఉత్తరంలోనే కూరుతున్నాను.

ఈ వారం నాకు నచ్చిన మాట: నిత్యావసరం. రోజూ కావలసినది, లేకపోతే రోజు గడవనిది. ఇంత సంగతి అయిదు అక్షరాల్లో ఎలా పట్టిందో! తెలుగు క్లాసులో అది విన్నప్పటి నుంచి కుళాయి తిప్పినా, దీపం వేసినా అదే గుర్తొస్తోంది.

నీ
నిఘంటువు


జూన్ 8, ఆదివారం

నిఘంటువమ్మకి,

అడ్డదారులు చదివి ప్రెస్సులో పగలబడి నవ్వాను. మెషీన్ మీదున్నాయన పరిగెత్తుకొచ్చి, ఏమైందని సైగ చేశాడు. నీ ఉత్తరం చూపిస్తే ఆయనా నవ్వాడు. ముప్ఫై నాలుగేళ్లుగా పరుల తప్పులు దిద్ది బతుకుతున్నవాణ్ణి, ఇంత అందమైన తప్పు నా కంట ఎప్పుడూ పడలేదు.

ఒక్క మాట. ఇతరుల నోటీసుల మీద పెన్సిల్ పెట్టకు. దిద్దమని మన చేతికి ఇచ్చినదే మనం దిద్దాలి. వృత్తిధర్మం.

కమిటీకి రాస్తాను. ఏం రాయాలో నాకు వదిలెయ్. మీరు మాత్రం అర్జీలనీ లాయర్లనీ ఎవరి వెనకా తిరగకండి. ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనీ. అమ్మని కంగారు పెట్టకు, రాత్రిళ్లు నిద్రపోదు.

క్లినిక్కుకి దగ్గర్లో గదులేమైనా దొరుకుతాయా? అమ్మకి రోజూ ఆ మూటలు మోసే శ్రమ తప్పుతుందేమోనని ఊరికే అడుగుతున్నాను.

నిత్యావసరం మంచి మాట. సంధి విడదీసి రాయి, మార్కులు వేస్తాను.

మామయ్య


జూన్ 13, శుక్రవారం

మామయ్యా,

నిత్య + అవసరం, సవర్ణదీర్ఘ సంధి. పదికి పది వెయ్యి.

నువ్వు రాసిన రెండు ముక్కలు ఎంత పని చేశాయో చూడు! నిన్న బోర్డు మీద కొత్త నోటీసు వచ్చింది. ఒక్క తప్పు లేదు. అద్దెదారులు అద్దెదారులయ్యారు. కరెంటు విద్యుచ్ఛక్తి అయింది, అందులో ఛ ఒత్తు కూడా దర్జాగా కూర్చుంది. అంతకంటే పెద్ద సంగతి, ఖాళీ చేయాల్సినవాళ్లు ఇప్పుడు ఆరుగురే. మన నంబరు కింద విడిగా ఉంది: "304లో ఉన్నవారు యజమాని బంధువులు. వారి విషయం యజమానితో సంప్రదించి పరిష్కరించబడును."

లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ పరిగెత్తాను. "అమ్మా, మనం అద్దెదారులం కాదు, బంధువులం!" అని అరిచాను. అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కొంగుతో కళ్లొత్తుకుంది. "అన్నయ్య నన్ను పరాయిదాన్ని చెయ్యలేదే" అంది.

నమ్మకం కుదరక సొసైటీ ఆఫీసుకి వెళ్లి టైపిస్టు అక్కని అడిగితే రిజిస్టరు తీసి చూపించింది. మూడేళ్ల కిందట మేం వచ్చిన రోజునే 'నివాసి హోదా' అన్న గడిలో నీ చేతిరాతతో 'బంధువులు' అని ఉంది. నువ్వు ఒక్కసారైనా చెప్పలేదే! బంధం అంటే కట్టు, బంధువు అంటే మనతో కట్టుబడి ఉన్నవాడని సార్ చెప్పారు. ఆ గడిని ఫొటో తీసుకున్నాను.

ఒక్కటే బాధ. రెండో అంతస్తులో వాచీలు బాగుచేసే బాబాయి తెలుసు కదా, అద్దెవాళ్లందరి తరఫున ఆయన అద్దె వివాదాల ఆఫీసుకి అర్జీ పెడుతున్నాడు. సాఫు ప్రతి నేనే రాస్తున్నాను. (నువ్వు వద్దన్న ఉత్తరం అప్పటికింకా అందలేదు, కోప్పడకు.) కొత్త నోటీసు చూశాక బాబాయి మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. కంటికి బిగించిన భూతద్దం తీయలేదు కూడా.

"ఆ కాగితం ఇచ్చెయ్యమ్మా. మీరు సొంతవాళ్లు. మీ కుళాయి ఆగదు."

"నేను రాస్తే ఏమైంది బాబాయ్? అక్షరాలు బాగుంటాయి కదా."

"అక్షరాలకేం, ముత్యాల్లా ఉంటాయి. రాసే చెయ్యి ఎవరివైపుందో చూసుకోవాలి కదా."

ఆయన భార్య మెట్ల మీద నుంచే, "లోపల్లోపల మామయ్యతో చెప్పించుకుని బయటపడ్డారులే, మనకి చెబుతారా" అంది. నాకు ఏడుపొచ్చింది. మనం వాళ్లని ముంచి పైకి తేలామని వాళ్లు అనుకుంటున్నారు. వాళ్ల కోసం కూడా ఒక ముక్క రాయవూ?

నీ
నిఘంటువు


జూన్ 17, మంగళవారం

నిఘంటువమ్మకి,

పదికి పది.

బంధువులని రాసింది నేనే. తోడబుట్టినదాన్ని అద్దెదారు అని రాయడానికి చెయ్యాడలేదు. దానికి ఫొటోలెందుకు?

పక్కవాళ్ల తగాదాలో నన్ను దింపకు. వాళ్ల యజమానులు వాళ్లకున్నారు.

కమిటీవాళ్లు ఫైల్లో పెట్టుకోవడానికి మీ వైపు నుంచి ఒక కాగితం అడుగుతున్నారు. నమూనా ఇందులో పెట్టాను: "మేము ఈ ఫ్లాటులో యజమాని బంధువులుగా మాత్రమే ఉంటున్నాము. దీనిపై మాకు ఏ హక్కులూ లేవు." ఇది ఇచ్చేస్తే మీ పేరు ఆ గొడవలోంచి పూర్తిగా తొలగిపోతుంది. వాక్యం కాస్త మొరటుగా ఉంది, నాకు తీరిక లేకపోయింది. నువ్వు మెత్తగా దిద్ది, అమ్మ చేత సంతకం పెట్టించి, ఇరవయ్యో తేదీలోపల ఆఫీసులో ఇచ్చెయ్.

గదుల సంగతి రాయలేదు నువ్వు.

మామయ్య


జూన్ 24, మంగళవారం

మామయ్యా,

కంగారుపడకు, ఎక్కడో పొరపాటు జరిగింది. నిన్న పొద్దున్న తొమ్మిదింటికి మన కుళాయి ఆగిపోయింది, మనదొక్కటే. సబ్బు పట్టించిన పదహారు కోట్లు టబ్బులోనే ఉండిపోయాయి. అమ్మ వాటిని తడితోనే మూటకట్టి క్లినిక్కుకి మోసుకెళ్లి, వాళ్ల పెరటి కుళాయి దగ్గర జాడించుకుని వచ్చింది. భుజం పట్టేసింది.

మిగతా ఆరిళ్లలోనూ నీళ్లొస్తున్నాయి. అర్జీ చూసి అద్దె వివాదాల అధికారి, విచారణ అయ్యేదాకా ఆ ఆరు ఫ్లాట్లకీ నీళ్లూ కరెంటూ ఆపకూడదని ఆర్డరు వేశారట. అర్జీలో మన నంబరు లేదు కదా, ఆర్డరులోనూ లేదు.

వాల్వు పాడైందేమోనని ప్లంబరుని పిలిచాను. చూసి, "పాడవలేదమ్మా. మూసి తాళం వేశారు" అన్నాడు. కమిటీ ప్రెసిడెంటుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పేపరు మడవకుండానే, "నువ్విచ్చిన కాగితంలో ఏముందమ్మా? మీరు అతిథులు. అతిథులకి నీళ్లిచ్చేది ఇంటాయన, సొసైటీ కాదు" అన్నాడు.

నువ్వు పంపిన నమూనాని నేను ఎంత బాగా దిద్దానో తెలుసా? "అన్నయ్య ఆప్యాయంగా పరిచిన నీడలో అతిథులుగా ఉంటున్నాము. ఈ ఇంటిపై మరే హక్కూ కోరము" అని రాశాను. అమ్మ సంతకం పెడుతూ, "భలే రాశావే, పుస్తకంలో ఉన్నట్టుంది" అంది. అతిథి అన్న మాట నాది. అది కమిటీవాళ్లకి సరిగ్గా అర్థం కాలేదు. వచ్చే నెల తొమ్మిదిన కరెంటు కూడా తీసేస్తామంటున్నారు. ఈ ఉత్తరం అందిన వెంటనే ప్రెసిడెంటుగారికి రాయి. నీ మాటంటే వింటారు.

నీ
నిఘంటువు


జూన్ 26, గురువారం

గౌరవనీయులైన మామయ్య గారికి,

నిన్న మధ్యాహ్నం సొసైటీ ఆఫీసులో టైపిస్టు అక్క తలుపు దగ్గరికి వేసి, మన ఫ్లాటు ఫైలు నా ముందు పెట్టింది. "నేను చూపించానని ఎక్కడా అనకు. చూడకపోతే నువ్వు ఆయనకే ఉత్తరాలు రాస్తూ కూర్చుంటావు" అంది.

అందులో మీ ఉత్తరం ఉంది. తేదీ జూన్ 8. అడ్డదారులు చదివి పగలబడి నవ్వానని మీరు నాకు రాసిన రోజే. అందులో వాక్యం ఇది: "304 ఫ్లాటును నా సొంత నివాసానికి వాడుకోదలిచాను. అందులో ఉన్న నా చెల్లెలు, ఆమె కూతురు ఖాళీ చేసే వరకు నీటి సరఫరా, విద్యుచ్ఛక్తి నిలిపివేయుటకు నాకు అభ్యంతరం లేదు."

'నా చెల్లెలు, ఆమె కూతురు' అన్న చోట ఎర్రసిరాతో గీత కొట్టి, మార్జిన్‌లో తీసెయ్యమనే మీ గుర్తు వేశారు. ప్రూఫులో అనవసరమైన మాట కనబడితే వేసే ఆ చిన్న సున్నా, దానికో తోక. నాకు ఎనిమిదో ఏట మీరే నేర్పారు. పైన 'ప్రస్తుత నివాసులు' అని రాశారు.

దాని వెనక మొదటి నోటీసు నకలు పిన్ను చేసి ఉంది. అదీ మీ ఎర్రసిరాతోనే దిద్ది ఉంది. కొత్త నోటీసులో ఛ ఒత్తు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. మీరు నవ్వుతారని నేను తప్పు చూపించాను. మా నీళ్లాపే కాగితానికి మీరు ప్రూఫు చూసి పంపారు.

బంధువులని రాయడం కూడా ప్రేమ కాదట. అద్దెదారులని రాస్తే చట్టం అడ్డొస్తుంది, బంధువులైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు పొమ్మనొచ్చని ప్రెసిడెంటుగారు అప్పట్లోనే యజమానులకి సలహా ఇచ్చారట. పాటించింది మీరొక్కరేనని అక్క చెప్పింది. మిగతావాళ్లకి చుట్టాలు లేక కాబోలు.

ఒక్క ప్రశ్న. మేం మీకు ఏమవుతాం? ఒక్క మాటలో రాయండి.

304 నుంచి,
మీ మేనకోడలు


జూలై 2, బుధవారం

చిట్టితల్లీ,

ఒక్క మాటలో రాయడం చేతకాలేదు. నాలుగు కాగితాలు చింపాను.

ఆగస్టులో ప్రెస్సు మూసేస్తున్నారు. నేనుండే గది ప్రెస్సు మేడ మీదే కదా, అదీ పోతుంది. ఇప్పుడు పుస్తకాలన్నీ కంప్యూటర్లలోనే దిద్దుతున్నారు. చెవులు పనిచేయని అరవై ఏళ్లవాణ్ణి కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? నాకు మిగిలింది ఆ ఫ్లాటొక్కటే.

ఈ సంగతి అమ్మకి రాయాలని ఏప్రిల్ నుంచీ అనుకుంటున్నాను. ఎప్పుడూ పెట్టేవాడిగానే ఆ ఇంటికొచ్చాను. పెట్టె పట్టుకుని, ఉండటానికి చోటిస్తావా అని నిలబడటం ఊహించుకోలేకపోయాను. ఖాళీ చెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే కమిటీ నుంచి కాగితం వచ్చింది. మీరే విసిగి వెళ్లిపోతారు, నా చేతికి మట్టి అంటదు అనుకున్నాను. రిజిస్టరు సంగతి మాత్రం అప్పట్లో ఏ దురుద్దేశంతోనూ కాదు. అంటే, అంత ఆలోచించలేదు.

ఆ అద్దె వివాదాల ఆఫీసుకి మాత్రం వెళ్లకండి. చెల్లెలు అన్న మీద అర్జీ పెట్టిందన్న మాట నేను మోయలేను. నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఒక ముక్క రాయండి, ఆ మర్నాడే వాల్వు తీయిస్తాను.

నువ్వు నన్ను మీరు అన్నావు. అదొక్కటి దిద్దు తల్లీ.

మామయ్య


జూలై 7, సోమవారం

మామయ్య గారికి,

అది అచ్చుతప్పు కాదు, అలాగే ఉండనివ్వండి.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఏప్రిల్ అన్న చోట ఆపమంది. "ఏప్రిల్‌లో నాకు జ్వరమొస్తే పళ్లు పట్టుకొచ్చి రెండు రోజులున్నాడు కదే. అప్పుడూ ఇదే మనసులో పెట్టుకున్నాడా?" అంది. తర్వాత ఇస్త్రీ చేసిన కోట్లకి గుండీలు పెట్టింది. "అడిగితే హాల్లో మంచం వేసేదాన్ని. తోడబుట్టినవాడికి నోరు రాక కుళాయితో చెప్పించాడు" అని మాత్రం అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

మీరు ఓడిపోయినట్టు కనబడకూడదని మా అమ్మ పద్నాలుగు రోజులుగా మెట్ల మీద నీళ్లు మోస్తోంది. ప్రెస్సు మూసేస్తున్నారని చదివినప్పుడు నాకూ బాధేసింది, అబద్ధం చెప్పను. కానీ దాని పక్కనే, విసిగి వెళ్లిపోతారని రాశారు. ఆ రెండు వాక్యాలూ ఒకే చేత్తో ఎలా రాశారో నాకు అర్థం కావడం లేదు.

వెళ్లొద్దన్న ఆఫీసుకి వెళ్లాం. వాచీల బాబాయే తీసుకెళ్లాడు. వాల్వుకి తాళం వేశారని ప్లంబరు చెప్పగా విని, రెండు బకెట్లతో ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు. "తప్పుగా అన్నానమ్మా. సొంతవాళ్లంటూ దెప్పాను. సొంతవాళ్లయితే ఏమవుతుందో ఇప్పుడు చూస్తున్నాను" అన్నాడు. ఆయన భార్య ఇంకా ముభావంగానే ఉంది గానీ, పొద్దున్న తన కుళాయి మాకోసం వదిలిపెడుతోంది.

అక్కడ ఆ అర్జీ చూస్తున్న లాయరమ్మ మేం తీసుకెళ్లినవన్నీ చదివింది. "రిజిస్టరులో బంధువులని రాస్తే బంధువులైపోరు. నెలనెలా అద్దె తీసుకున్నాడా లేదా అన్నదే లెక్క. అయినా ఇంట్లో మనుషులుండగా నీళ్లాపడానికి, వాళ్లని ఏ పేరుతో పిలిచినా చట్టం ఒప్పుకోదు" అంది. అద్దె అందినట్టు ఏదైనా రాత ఉందా అని అడిగింది. అద్దె అందింది, అమ్మకి చెప్పు అని మీరు నెలనెలా నాకు రాసిన ఉత్తరాలు ముప్ఫై ఆరున్నాయి. ఇవ్వడానికి చెయ్యి రాలేదు, ఒక్కోదాంట్లో మీరు నేర్పిన ఒక్కో మాట ఉంది. అమ్మ నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

మా నంబరు కూడా ఆ అర్జీలో చేరింది. విచారణ రేపే. ఎల్లుండి కరెంటు తీస్తామన్నారు కాబట్టి అధికారి త్వరగా పిలిచారు.

అమ్మ సంతకం పెట్టిన ఆ అతిథుల కాగితం గురించి తప్పకుండా అడుగుతారట. అందుకని అమ్మ ఏం చెప్పాలో నిన్న కూర్చుని ఒక పేజీ రాశాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను. అమ్మ రెండుసార్లు చదివి మడిచి ఇచ్చేసింది. "బాగుందే. ఇందులో నేను లేను" అంది. తన మాటల్లోనే చెప్పుకుంటుందట. తడబడితే తడబడుతుంది. ఆ వాక్యం రాసింది నేనని, అందులోని మాట బరువు తెలియక రాశానని నా వంతు వచ్చినప్పుడు నేను చెబుతాను.

మీకు ఉండటానికి చోటు కావాలంటే అమ్మకి రాయండి, నాకు కాదు. అడగండి. జవాబు ఏం చెబుతుందో నాకు తెలియదు.

ఇట్లు,
304లో అద్దెకుంటున్న
మీ మేనకోడలు

తా.క. రేపు ఆరింటికి లేచి బాబాయి వాళ్ల కుళాయి దగ్గర ఎనిమిది బిందెలు పట్టాలి. ఏడున్నరకల్లా అమ్మ ఇస్త్రీ చేసిన కోట్లు క్లినిక్కులో ఇచ్చేసి వస్తాను. ఎనిమిదిన్నర బస్సుకి ఏడు ఫ్లాట్లవాళ్లమూ కలిసి బయలుదేరతాం. మా పిలుపు పదింటికి. అమ్మ మాట్లాడుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడతాను, ఒక్క మాట కూడా దిద్దను.